ముందు మట్టి ముంత, తర్వాతే మీడియం

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు, మార్కాపురం, ఏ ఊరైనా సరే, సొంతంగా బొమ్మలు నేర్చుకున్నవాళ్ళు ఆయిల్ పెయింటింగ్ వైపు రాగానే మొదట అడిగేది మీడియం (రంగును పల్చన చేయడానికి కలిపే నూనె ద్రవం) గురించే. ఏ నూనె వాడాలి? ఏ రెజిన్ (చెట్టు బంక) కలపాలి? ఎన్ని చుక్కలు? పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన ముఖం లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది, మనం వేస్తే చప్పగా ఉంటుంది, కాబట్టి ఆ కాలం వాళ్ళ దగ్గర మనకు తెలియని ద్రావకం ఏదో ఉండే ఉంటుందని ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వదిలించుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పాత పద్ధతి అంటే ఒక క్రమం. ఏ పొర మీద ఏ పొర పడాలి, మధ్యలో ఎంతకాలం ఆగాలి, ఏ విషయం ఏ దశలో తేల్చుకోవాలి అన్నదే అందులోని అసలు విద్య. గురువు లేకుండా నేర్చుకోగలిగింది ఆ క్రమమే. గురువు లేనివాళ్ళు తొందరపడి దాటేసేది కూడా దాన్నే.

పెద్ద మ్యూజియంల ప్రయోగశాలల్లో పాత చిత్రాల రంగు పొరలను పరీక్షిస్తే ఎక్కువ చోట్ల దొరికింది మామూలు అవిసె నూనె, వాల్‌నట్ నూనె. రెజిన్ ఉన్నచోట ఉంది కానీ, జనం ఊహించుకున్నంత విరివిగా లేదు. వీడియోల్లో చెప్పే "ఏడు పొరల ఫ్లెమిష్ పద్ధతి" కూడా పాఠం చెప్పడానికి వీలుగా ఏర్పరచుకున్న వరస. ఒకే చిత్రంలో ఒకచోట రెండు పొరలు, పక్కనే మరోచోట ఐదు ఉండడం మామూలే. ఏడు లెక్కపెట్టుకుంటూ వేస్తే బొమ్మ పాత చిత్రంలా తయారవదు.

రవివర్మ సంగతి మనవాళ్ళకు బాగా తెలుసు. డెన్మార్క్‌లో పుట్టిన థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చాడు. నేర్పడానికి ఒప్పుకోలేదు, తను పని చేస్తుంటే చూడడానికి మాత్రం ఒప్పుకున్నాడు. రవివర్మకు అప్పటికి ఇరవై ఏళ్ళు. పక్కన నిలబడి చూస్తే సీసాలో ఏముందో తెలియదు. ముందు ఏది వేశాడు, దేన్ని ఆరబెట్టాడు, తెల్లరంగు ఎప్పుడు ముట్టుకున్నాడు, ఇవి తెలుస్తాయి. ఆ చూడగలిగినదాన్ని ఇంట్లోనే ఎలా సాధన చేయాలో చెబుతాను.

ముందుగా బోర్డులు రాసే పని నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. ఫ్లెక్సీలు వచ్చాక చేతిపని తగ్గిపోయిన ఆర్టిస్టులు మన జిల్లాల్లో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గళ్ళు కొట్టి చిన్న ఫొటోను ఇరవై అడుగుల బ్యానర్‌కు పెంచిన చెయ్యి వాళ్ళది. కొలత తప్పదు, గీత వణకదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు లేని బలం ఇది. అడ్డొచ్చేది రెండు అలవాట్లు. పొద్దున మొదలుపెట్టింది సాయంత్రానికి అయిపోవాలనే తొందర ఒకటి, హార్డ్‌వేర్ షాపు సరుకు రెండోది. డబ్బాల్లో వచ్చే ఎనామెల్‌ను ట్యూబుల్లో వచ్చే ఆయిల్ కలర్స్‌తో కలపకండి. రెండూ ఆరే వేగాలు వేరు, కలిపిన పొర ముడతలు పడుతుంది. డబుల్ బాయిల్డ్ అవిసె నూనె తలుపులకు, కిటికీలకు వాడేది. త్వరగా ఆరడానికి దాంట్లో లోహ లవణాలు కలుపుతారు, బొమ్మ మీద వేస్తే ముదురు పసుపుకు తిరుగుతుంది. షాపులో కొన్న టర్పెంటైన్ పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక చుక్క తెల్లకాగితం మీద వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు మరక లేకపోతే వాడుకోవచ్చు, జిడ్డు వలయం మిగిలితే అది బ్రష్షులు కడగడానికే. కిరసనాయిలు అసలే వద్దు.

బొమ్మ వేసే తలం గురించి ఎవరూ శ్రద్ధగా మాట్లాడరు. చెడిపోయే బొమ్మల్లో చాలావరకు చెడేది అక్కడే. మొదట్లో కాన్వాస్ కూడా అవసరం లేదు. 12×16 అంగుళాల ప్లైవుడ్ ముక్క లేదా నున్నటి హార్డ్‌బోర్డు చాలు. రెండు వైపులా, అంచులకు కూడా ఆక్రిలిక్ మీడియం (రంగు లేని ఆక్రిలిక్ ద్రవం) ఒక పూత వేయండి. ఒక్కవైపే వేస్తే చెక్క వంగుతుంది. దాని మీద ఆక్రిలిక్ జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లపూత) పల్చగా మూడు నాలుగు పూతలు, ఒక్కో పూత ముందుదానికి అడ్డంగా. ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో మెత్తగా రుద్దాలి. ఖర్చు తగ్గుతుందని తెల్లజిగురులో సుద్దపొడి, జింక్ ఆక్సైడ్ కలిపి పూసే అలవాటు చాలామందికి ఉంది. ఆ జిగురు తేమకు మెత్తబడుతుంది, కార్తీకంలో వారాల తరబడి ముసురు పట్టే మన తీరంలో అది నమ్మదగ్గది కాదు. వాల్ ప్రైమర్ ఇంకా అన్యాయం, రంగులో ఉన్న నూనెనంతా పీల్చేసి పైన పొడిని మిగులుస్తుంది. జెస్సో సరిగ్గా కుదిరిందా లేదా తెలియాలంటే పల్చటి రంగు ఒక గీత లాగి పది నిమిషాలు చూడండి. అప్పటికే మెరుపు పూర్తిగా చచ్చిపోయి సుద్దగీతలా (గోడమీద వేసినట్టు) కనిపిస్తే ఇంకో పూత కావాలి. పాతకాలపు కుందేలు చర్మం జిగురు వాడాలని ఉబలాటపడేవాళ్ళున్నారు. అది గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది, పైనున్న రంగు పగులుతుంది. మైపాడు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో దాని జోలికి పోకండి.

తెల్లటి తలం మీద నేరుగా మొదలుపెట్టవద్దు. బర్న్‌ట్ అంబర్‌లో (ముదురు గోధుమ) కాస్త అల్ట్రామరీన్ (నీలం) కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, గుడ్డతో రుద్ది మధ్యరకం గోధుమ ఛాయ తెచ్చుకోండి. ఒక రోజు ఆరనివ్వండి. తెల్లటి తలం పక్కన ప్రతి రంగూ అసలుకంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. మధ్యఛాయ మీద వెలుగూ నీడా రెండూ నిజంగా ఎంతున్నాయో తెలుస్తుంది.

వెలుతురు విషయంలో పుస్తకాల సలహా మనకు పూర్తిగా వర్తించదు. ఉత్తరం కిటికీ పక్కన పని చేయమంటారు, ఎందుకంటే యూరప్‌లో ఆ వైపు నుంచి ఎండ పడదు. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన ఉంది, ఒంగోలు ఇంకో డిగ్రీ పైన. ఏప్రిల్ చివర్లో సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, ఆగస్టు మధ్యలో మళ్ళీ దక్షిణానికి వస్తాడు. ఆ మూడున్నర నెలలూ ఉత్తరం కిటికీలోకి కూడా ఎండ వస్తుంది. కిటికీకి పల్చటి తెల్లపంచె గానీ ట్రేసింగ్ పేపర్ గానీ కట్టండి. మిగతా కిటికీలు, తలుపులు మూసేయాలి. వరండాలో కూర్చుని వేస్తే మూడు దిక్కుల నుంచీ వెలుతురు పడి నీడలు చెల్లాచెదురవుతాయి, ఆకారం నిలబడదు. రాత్రి పని అయితే 5000 కెల్విన్ (వెలుతురు ఎంత పసుపుగా, ఎంత తెల్లగా ఉందో చెప్పే కొలత), సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి పైన ఉన్న ఎల్ఈడీ బల్బు ఒక్కటి చాలు. డబ్బా మీద రెండు అంకెలూ ఉంటాయి, చూసి కొనండి.

ఇక అసలు సాధన. ముఖాలు పక్కన పెట్టండి. దేవుళ్ళ బొమ్మలు, హీరోల బొమ్మలు కూడా. మెరుపు లేని ఒక మట్టి ముంతను తీసుకుని, రంగు వెలిసిన గుడ్డ మీద పెట్టి, కిటికీని ఎడమ పక్కన కాస్త ఎత్తుగా ఉండేట్టు చూసుకోండి. రంగులు రెండే, రా అంబర్ (మట్టి గోధుమ), టైటానియం వైట్. నలుపు ఎందుకు వద్దంటే, ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది, కింది పొరకు పనికిరాదు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అది నూనెను తొందరగా గట్టిపరుస్తుంది. మన వేసవిలో అయితే రెండు మూడు రోజుల్లో పైపొర వేయడానికి వీలవుతుంది.

బ్రష్షు పట్టకముందే ప్యాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే మొద్దు కత్తి) ఐదు ఛాయలు కలిపి వరసగా పెట్టుకోండి. అంబర్‌ను 1 అని, తెలుపును 9 అని అనుకుంటే మీ ఐదూ 2, 4, 5, 6, 8 దగ్గర ఉండాలి. ఒక్కోటి ఉసిరికాయంత. వేస్తూ వేస్తూ మధ్యలో కలుపుకుంటే ఛాయ నిలకడగా ఉండదు. సొంతంగా నేర్చుకున్నవాళ్ళ బొమ్మల్లో నీడ మచ్చలు మచ్చలుగా కనిపించడానికి మొదటి కారణం ఇదే.

బొగ్గుతో గీసి, ఆ గీతనే పల్చటి అంబర్‌తో దిద్ది, ఆరాక బొగ్గును గుడ్డతో దులిపేయండి. బొగ్గు మిగిలిపోతే తెల్లరంగును మురికి చేస్తుంది. ఇప్పుడు కళ్ళు సగం మూసి ముంతను చూడండి. వెలుగు ఎక్కడ ఆగి నీడ మొదలవుతుందో ఆ సరిహద్దు ఒక వంపుగా కనిపిస్తుంది. మొదట వేయాల్సింది ఆ వంపే. దానికి కుడివైపంతా ఒకే ఛాయ, 2కీ 4కీ మధ్య, పల్చగా, తలం కాస్త కనిపించేట్టు. ఎడమవైపంతా 6. ఇంతే వేసి లేచి పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. ఈ రెండు ఛాయలతోనే ముంత గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే సరిహద్దు వంపు తప్పు, దాన్ని సరిచేయకుండా ముందుకు పోకూడదు.

తర్వాత ఆ సరిహద్దును మెత్తబరుస్తూ 5ను మధ్యలో పరచాలి. వెలుగు బాగా తగిలే భుజం మీద 8ని కాస్త మందంగా పెట్టాలి. ముంత కుడి అడుగుభాగంలో, నీడలోనే, గుడ్డ నుంచి ఎగిరొచ్చిన ఒక మందకొడి వెలుతురు కనిపిస్తుంది. అది కంటికి చాలా ప్రకాశవంతంగా తోస్తుంది, ఎందుకంటే చుట్టూ అంతా ముదురు. అక్కడ 5 గానీ 6 గానీ పెట్టారంటే ముంత గుండ్రదనం పోయి రేకులా చదును అవుతుంది. వెలుగు భాగంలోని అతి ముదురు ఛాయ కంటే కూడా ఈ ఎదురు వెలుతురు ముదురుగానే ఉండాలి. 4 చాలు. అనుమానంగా ఉంటే ఒక కాగితానికి చిన్న కన్నం చేసి, దాంట్లోంచి ఆ చోటును, తర్వాత వెలుగు పక్కను విడివిడిగా చూసి పోల్చుకోండి.

మట్టి ముంతే ఎందుకంటే ఈ నియమం మెరవని వస్తువులకే పూర్తిగా వర్తిస్తుంది. ఇత్తడి చెంబు అద్దంలా చుట్టూ ఉన్నవాటిని చూపిస్తుంది, మీ తెల్లచొక్కా కూడా దాని పొట్టలో కనిపిస్తుంది. చెంబు వేసేరోజు ముదురు రంగు చొక్కా వేసుకోండి. ముంత తర్వాత ఉదయగిరి చెక్క గరిటెలు, నిమ్మకాయలు, అక్కణ్నుంచి చెంబు. ఇలా పది బొమ్మలు బూడిద ఛాయలో పూర్తి చేసినవాడికి రంగు వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఇది విసుగు పని అని తెలుసు. కానీ దీన్ని దాటేసి గ్లేజింగ్‌లోకి (ఆరిన పొర మీద పారదర్శకమైన పల్చటి రంగు పూయడం) దూకినవాళ్ళ బొమ్మల్లో కింద ఆకారం ఉండదు, పైన రంగు ఎంత పారదర్శకంగా పూసినా అది చూపించడానికి ఏమీ ఉండదు.

రంగులకు వచ్చేసరికి నాలుగుతో మొదలుపెట్టమంటాను. టైటానియం వైట్, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామరీన్. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) తెలుపు, ఓకర్, వెర్మిలియన్ (సిందూరపు ఎరుపు), నలుపు ఈ నాలుగుతోనే ఎన్నో ముఖాలు వేశాడని చూపించి దాన్నే అనుసరించమంటారు. మంచిదే. మన ఛాయకు మాత్రం వెర్మిలియన్ కంటే సియెన్నా దగ్గరగా ఉంటుంది. ట్యూబు వెనక ఉండే పిగ్మెంట్ కోడ్ (లోపలున్న రంగు పదార్థం ఏదో చెప్పే గుర్తు) చదవడం అలవాటు చేసుకోండి. తెల్లరంగులో పీడబ్ల్యూ 6 ఒక్కటే ఉండాలి. పీడబ్ల్యూ 4 అంటే జింక్, నూనెలో ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసుగా మారి పొరలుగా ఊడుతుంది. చౌక ట్యూబుల్లో "మిక్సింగ్ వైట్" పేరుతో వచ్చేవాటిలో ఇది తరచూ ఉంటుంది. పాతవాళ్ళ తెలుపు సీసపు తెలుపు, విషం. ఇంట్లో పిల్లలున్నచోట దాని పొడి తేవద్దు. టైటానియం దానికంటే చాలా బలమైనది కాబట్టి పాత పుస్తకాల్లో చెప్పిన పాళ్ళలో కలిపితే అన్నీ సుద్ద కొడతాయి, సగమే వాడండి. ఎరుపుల్లో అలిజరిన్ క్రిమ్సన్, పీఆర్ 83, వెలుతురుకు వెలిసిపోతుంది. దాని బదులు క్వినాక్రిడోన్, పీవీ 19.

మన రంగు ముఖాన్ని వేయడంలో జరిగే పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. వీడియోల్లో చూపించే చర్మం పాలిపోయిన గులాబీ రంగుది. తెలుపుతో మొదలుపెట్టి కాస్త ఎరుపు, కాస్త పసుపు కలుపుతారు. ఆ పద్ధతిలో చామనఛాయ ముఖం వేస్తే బూడిద పూసినట్టు వస్తుంది. మనం మధ్యలో మొదలుపెట్టాలి. సియెన్నా రెండు పాళ్ళు, ఓకర్ ఒక పాలు, దాన్ని కాస్త అణచడానికి అల్ట్రామరీన్ చిటికెడు. వెలుగు వైపు వెళ్ళేటప్పుడు ముందు ఓకర్ పెంచి, చివరికి మాత్రమే తెలుపు ముట్టుకోవాలి. నీడలో తెలుపు అసలు ఉండకూడదు. సియెన్నా, అల్ట్రామరీన్ కలిపి పల్చగా వేస్తే చాలు. కూర్చున్న మనిషి చెంప పక్కన ఒక తెల్లకాగితం పట్టి చూడండి. వెలుగు పడిన చెంప కూడా 5 లేక 6 దగ్గరే ఉంటుంది. సొంతంగా వేసేవాళ్ళు దాన్ని 8కి లాగేస్తారు. ఇక నుదుటి మీద, ముక్కు మీద మెరుపు. మన ఎండకు చర్మం జిడ్డుగా ఉంటుంది కాబట్టి ఆ మెరుపు చిన్నదిగా, స్పష్టంగా ఉంటుంది. అది ఆకాశం నుంచి వస్తుంది, రంగు చల్లటి నీలిబూడిద. చుట్టూ వెచ్చటి సియెన్నా, మధ్యలో ఆ చల్లటి చుక్క, అదీ చామనఛాయ ముఖానికి ప్రాణం. చర్మానికి కింద పచ్చటి పొర వేయమని కొందరు చెబుతారు. పాలిపోయిన చర్మానికి అది సరిపోతుందేమో గానీ మన ఛాయ కింద బురద అవుతుంది. ముంతకు వాడిన అంబర్ బూడిదే మేలు. కాకపోతే పైన పూసే గ్లేజు ముదురు చేస్తుంది కాబట్టి కింది పొరను ఒక మెట్టు లేతగా ఉంచాలి.

ఇప్పుడు మీడియం. టర్పెంటైన్ ఆవిరై పోతుంది, నూనె అలా ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే మందంగా పూస్తే పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది, తర్వాత లోపలిది కదిలి పైది ముడుచుకుంటుంది. కింద నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ అన్న నియమం అక్కడినుంచే వచ్చింది. మొదటి పొరలో రంగుకు కాస్త టర్పెంటైన్, రెండో పొరలో ట్యూబులోంచి వచ్చిన రంగు అలాగే, మూడో పొరలో మాత్రమే మీడియం. స్టాండ్ ఆయిల్ (వేడిచేసి చిక్కబరిచిన అవిసె నూనె) ఒక పాలు, టర్పెంటైన్ రెండు పాళ్ళు కలుపుకుంటే సరిపోతుంది. రంగులో అది ఐదో వంతు మించకూడదు. గ్లేజును బ్రష్షుతో రుద్దుతూ పూసి, గుడ్డతో సగం తుడిచేయండి. జారుతోందంటే నూనె ఎక్కువైందని అర్థం. డామర్ రెజిన్ కలపడం నేను సిఫారసు చేయను, అది పసుపెక్కుతుంది, పైగా రేపెప్పుడో బొమ్మను శుభ్రం చేసేవాడి ద్రావకానికి రంగుతో పాటు కరిగిపోతుంది. తొందరగా ఆరాలంటే ఆల్కిడ్ (కృత్రిమ రెజిన్) మీడియం వాడుకోవచ్చు. ఒక రోజులో ఆరుతుంది.

మధ్యలో కొన్నిచోట్ల రంగు పీల్చుకుపోయి మెరుపు తగ్గి, ఛాయ తెలియకుండా పోతుంది. ఆరిన బొమ్మ మీద అవిసె నూనె వేలితో అద్ది, మెత్తటి గుడ్డతో దాదాపు మొత్తం తుడిచేస్తే అసలు ఛాయ తిరిగి కనిపిస్తుంది. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక తనంతట తనే అంటుకుంటుంది. 42 డిగ్రీలు కాసే మే నెలలో ఇది మరీ ప్రమాదం. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

చూసి నేర్చుకోవడానికి అసలు చిత్రాలు కావాలి, ఫోన్ తెర నీడలన్నిటినీ ఒకే నలుపు చేసేస్తుంది. నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల్లో మద్రాసు. ఎగ్మోర్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయి. హైదరాబాదు సాలార్‌జంగ్‌లో యూరప్ చిత్రాల గదులున్నాయి. రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. వెళ్ళినప్పుడు కథను వదిలేసి, పక్కనుంచి వంగి తలాన్ని చూడండి. నీడలు పల్చగా, వెలుగులు మందంగా కనిపిస్తాయి. నగ మీద మెరుపు ఒక్క బ్రష్షు దెబ్బ. చీర అంచు ఎక్కడ పదునుగా ఉంది, ఎక్కడ వెనకటి చీకట్లో కలిసిపోయిందో నోటుపుస్తకంలో గీసుకోండి.

పూర్తయిన బొమ్మను బీరువాలో పెట్టవద్దు, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. ఎండ నేరుగా పడని, వెలుతురున్న గోడకు తగిలించండి. గోడకు ఆనకుండా వెనక అరంగుళం చెక్కముక్కలు నాలుగు మూలలా కొట్టండి, లేకపోతే వానాకాలం వెనకవైపు బూజు పడుతుంది. కాన్వాస్ అయితే ముసురులో వదులవుతుంది. అప్పుడు చట్రం లోపలి మూలల్లో ఉండే బిగింపు చెక్కలు కొట్టి బిగించకండి, పొడి రోజులు వచ్చాక అదే బిగుసుకుంటుంది. వెనక పెన్సిల్‌తో ఏ పూత, ఏ నూనె, ఏ రంగులు, ఏ తేదీన ఏ పొర వేశారో రాసిపెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత ఎక్కడైనా పగిలితే కారణం వెతకడానికి అదే ఆధారం. పల్చటి పొరల బొమ్మకు ఆరు నెలలు, మందంగా వేసినదానికి ఏడాది ఆగి వార్నిష్ వేయాలి. ముందుగా ఒక మూల టర్పెంటైన్ తడిపిన దూదితో మెల్లగా అద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. అంటకపోయినా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో వేయకండి, గాలిలో తేమకు వార్నిష్ మీద తెల్లటి పొగలా పడుతుంది. సంక్రాంతి దాటాక, పొడిగా ఎండ కాసే మధ్యాహ్నం పూట, బొమ్మను గంటసేపు వెచ్చటి గదిలో ఉంచి, పడుకోబెట్టి, వెడల్పాటి బ్రష్షుతో ఒకే దిక్కుగా పల్చగా వేయండి.